ఏ కెమెరా కొనవలెను? – వెలుతురు చరిత్ర చెప్పు సమాధానము

సికిందరాబాదునకు తూర్పుగా కొద్ది మైళ్ల దూరములో నాచారము, ఉప్పలు ఉన్నవి. ఒకప్పుడు వేరు వేరు గ్రామములైన ఈ రెండును నేడు హైదరాబాదు మహానగరములో కలిసిపోయినవి. ఛాయాగ్రహణముతో వీనికి గల సంబంధము చిన్నది కాదు. నాచారము ఎన్.టి. రామారావు సినిమా స్టూడియో నెలకొల్పిన చోటు. ఉప్పలులో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ కలదు. విమానము నుండి తీసిన ఛాయాచిత్రముల సాయమున పటములు గీయు విద్య అక్కడ నేర్పబడినది. 2005 నవంబరు 16న భారత, దక్షిణాఫ్రికా జట్ల మధ్య తొలి అంతర్జాతీయ క్రికెట్ పందెము జరిగిన మైదానము కూడ ఉప్పలులోనిదే.

ఈ పేటలలో కాపురముండు ఒక ఉపాధ్యాయుడో, కర్మాగారపు ఉద్యోగియో జీతములో కొంత మిగిల్చి మంచి కెమెరా కొనదలచినాడనుకొందము. అంగడిలో అతని యెదుట రెండు దారులుండును. ఒకటి, జేబులో పట్టు కాంపాక్టు కెమెరా. దాని కటకము దానికే బిగింపబడి యుండును. రెండవది, కటకములను మార్చుకొనుటకు వీలైన మిర్రర్‌లెస్ కెమెరాలలో ప్రారంభశ్రేణిది. రెంటి వెల ఒక్కొక్కప్పుడు దాదాపు సమానముగనే యుండును. పెద్దదే మేలని కొందరు, వెంట నుండునదే మేలని కొందరు చెప్పుదురు. కూడబెట్టిన సొమ్ము ఒకసారి ఖర్చయినచో మరల చేరుటకు ఏండ్లు పట్టును. కనుక ఈ తగవును శాస్త్రదృష్టితో పరిశీలించుట అవసరము.

తగవు నేటిది కాదు, ఛాయాగ్రహణమంత పాతది. కెమెరా అనునది వెలుతురును పట్టు పాత్ర. వానలో గిన్నెను, గంగాళమును ప్రక్క ప్రక్కన ఉంచినచో ఏది ఎక్కువ నీరు పట్టునో అందరకు తెలియును. వెలుతురును హెచ్చుగా పట్టుటకు మూడు ఉపాయములున్నవి: బొమ్మ పడు ఫలకమును వెడల్పు చేయుట, వెలుతురును హెచ్చు కాలము పడనిచ్చుట, కటకపు ద్వారమును విశాలము చేయుట. కెమెరా చరిత్ర అంతయు ఈ మూడింటి చుట్టును తిరిగినది.

మొదటి ఉపాయమునకు మన నగరములోనే గొప్ప ఉదాహరణము కలదు. 1844లో ఉత్తరదేశమున సర్ధనాలో జన్మించిన లాలా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వోద్యోగము చేయుచు ఛాయాగ్రహణము నభ్యసించెను. 1880వ దశకములో సికిందరాబాదులో చిత్రశాల నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడై, రాజా ముసవ్విర్ జంగ్ బిరుదము నందెను. ఆయన వాడినవి పెద్ద గాజుపలకలు. బొమ్మ ఎంత కావలెనో పలకయు అంతే యుండెడిది. పలకను కాగితముపై ఆనించి అచ్చు తీసెడివారు. అందుచే సన్నని వివరము కూడ చెడక నిలిచెను. 1905లో ఆయన మరణించెను. ఆయన గాజుపలకలలో 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రములో భద్రముగ నున్నవి. అయితే ఆ పెట్టెను, త్రికాష్ఠమును, పలకలను మోయుటకు మనుష్యులు కావలెను. ఆ కెమెరా తనంత తానుగ ఎవరి వెంటను రాదు.

రెండవ ఉపాయము కాలము. నవాబు జఫర్ జంగు 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల ఆయన యనంతరము ప్రభుత్వము చేతికి వచ్చి బేగంపేటలో స్థిరపడెను. అచ్చట ఎనిమిది అంగుళముల కటకము గల దూరదర్శినితో ఆకాశమును గాజుపలకలపై చిత్రించి, ప్రపంచ వేధశాలలు కలిసి తయారుచేసిన నక్షత్ర పట్టికలో తమ భాగమును పూర్తిచేసిరి. నక్షత్రపు వెలుతురు మినుకు. అయినను యంత్రము నక్షత్రమును వెంబడించుచుండగా నిమిషముల తరబడి ద్వారము తెరచి యుంచవచ్చును. ఇంటిలో ఆడుకొను బిడ్డకు ఈ ఉపాయము పనికిరాదు. బిడ్డ కదలిన బొమ్మ చెదరును.

మూడవది ద్వారము. 1924లో జర్మనీలో ఎర్మనాక్స్ అను చిన్న కెమెరా వెలువడెను. దాని పలక నాలుగున్నర, ఆరు సెంటీమీటర్లది మాత్రమే. కాని లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన దాని కటకము ఎఫ్ సంఖ్య 2. ఎఫ్ సంఖ్య యనగా కటకపు నాభ్యంతరమును ద్వారపు వ్యాసముచే భాగించగా వచ్చినది. సంఖ్య తగ్గిన కొలది ద్వారము పెద్దదగును. ఎరిక్ సాలమన్ అను న్యాయశాస్త్ర పండితుడు ఆ కెమెరాతో దౌత్య సమావేశములలో, మెగ్నీషియము మెరుపు లేకుండ, దీపపు వెలుతురులోనే చిత్రములు తీసి ప్రసిద్ధుడయ్యెను. 1925లో లైప్‌జిగ్ సంతలో వెలువడిన లైకా ఇంకను చిన్నది. ఆస్కార్ బర్నాక్ దానిలో సినిమా ఫిలుమును వాడి, 24, 36 మిల్లీమీటర్ల బొమ్మను తీసి, తరువాత పెద్దది చేయు పద్ధతిని నిలబెట్టెను. ఫలకము చిన్నదయినను కటకము సమర్థమైనదైనచో చిన్న కెమెరా నిలువగలదని ఈ రెండును చాటినవి.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణము మన దేశములో ఇంటింట కనబడెను. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో బొమ్మ సుమారు 6 సెంటీమీటర్ల చదరము. లైకా బొమ్మకు మూడురెట్లకు మించిన వైశాల్యము. ఉదకమండలములో 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారి ఇందు ఫిలుము వచ్చిన పిమ్మట, ఫిలుము కూడ స్వదేశీయమే అయ్యెను. కాని క్లిక్ త్రీ కటకము సామాన్యము, ద్వారము ఇరుకు. ఎండలో తీసినచో బొమ్మ చక్కగ వచ్చును; ప్రొద్దు గ్రుంకినచో రాదు. గంగాళము పెద్దదే గాని, దాని మూతి ఇరుకు. ఈ మాట గుర్తుంచుకొనవలెను.

ఇక అద్దము సంగతి. చూచు కన్నును, బొమ్మ తీయు కటకమును ఒకటి చేయుటకు కటకము వెనుక ఏటవాలుగ అద్దము నుంచు పద్ధతి వచ్చెను. 1936లో డ్రెస్డెన్ నగరపు కీనె ఎక్సాక్టా, 1949లో పట్టకముతో కూడిన కాంటాక్స్ ఎస్, 1959లో నికాన్ ఎఫ్ ఈ మార్గములో మైలురాళ్లు. మీట నొక్కగానే అద్దము పైకి లేచును, వెలుతురు ఫిలుముపై పడును. అద్దము తిరుగుటకు చోటు కావలెను గనుక నికాన్ ఎఫ్‌లో కటకపు పీఠమునకు, ఫిలుమునకు నడుమ 46.5 మిల్లీమీటర్ల ఎడ ముంచిరి. అందుచే పెట్టె లావెక్కెను.

ఫిలుము స్థానమును విద్యుత్ సెన్సారు ఆక్రమించుటతో అద్దము అనవసరమయ్యెను. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జి స్మిత్ సీసీడీని కనుగొనిరి. 2009లో వారికి నోబెల్ బహుమానము వచ్చెను. 1975లో కొడక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ నిర్మించిన మొదటి డిజిటల్ కెమెరా పదివేల బిందువుల బొమ్మను టేపుపై వ్రాయుటకు 23 సెకన్లు పట్టెను. సెన్సారు తాను చూచినదానిని ఎడతెగక చిన్న తెరపై చూపగలిగిన పిమ్మట కంటికి అద్దముతో పని లేదు. 2008లో పానసోనిక్ జీ 1 తోడను, 2010లో సోనీ ఎన్ఈఎక్స్ తోడను అద్దము లేని కెమెరాలు వ్యాపించినవి. సోనీ పీఠములో ఎడము 18 మిల్లీమీటర్లే. పెట్టె పలుచనయ్యెను, కాంపాక్టు ప్రక్కన నిలిచి పోటీ చేయసాగెను. నేటి కొనుగోలుదారుని సందేహము ఇట్లు పుట్టినది.

ఇదే కాలములో కాంపాక్టులకు చేతిఫోను శత్రువయ్యెను. 2010లో ప్రపంచమున పదికోట్లకు పైగా అమ్ముడుపోయిన కాంపాక్టులు 2023 నాటికి ఇరువది లక్షలకు లోబడినవి. నిలిచిన వానిలో మేలైనవి పెద్ద సెన్సారు గలవి.

ఇప్పుడు లెక్క చూడుడు. చవక కాంపాక్టు సెన్సారు వైశాల్యము సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. ఒక అంగుళపు సెన్సారు అని పిలువబడు దానిది 116. ప్రారంభశ్రేణి మిర్రర్‌లెస్‌లలో సాధారణమైన ఏపీఎస్-సీ సెన్సారుది 367. ఇంతవరకు చూచిన మిర్రర్‌లెస్ మూడురెట్లు మిన్న. కాని వెలుతురును కొలుచుటకు వైశాల్యమును ఎఫ్ సంఖ్య యొక్క వర్గముచే భాగింపవలెను. 2014లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్ 100 మూడవ నమూనా కాంపాక్టు కటకము 1.8 నుండి 2.8 వరకు. మిర్రర్‌లెస్‌తో పాటు ఇచ్చు సామాన్య జూము కటకము 3.5 నుండి 5.6 వరకు. విశాలదృశ్యమునకు కాంపాక్టు లెక్క 36, మిర్రర్‌లెస్ లెక్క 30. దగ్గరకు లాగినపుడు 15, 12. అనగా పెద్ద కెమెరా పట్టు వెలుతురు చిన్నదానికంటె ఎక్కువ కాదు, కొంచెము తక్కువే. క్లిక్ త్రీ కథ మరల జరిగినది; గంగాళమునకు ఇరుకు మూతి పెట్టిరి.

ఆ మూతిని మార్చుకొనుటయే మిర్రర్‌లెస్‌లోని సుగుణము. జూము లేని 35 మిల్లీమీటర్ల, ఎఫ్ 1.8 కటకము బిగించినచో లెక్క 113 అగును. అంత దృశ్యమునే చూచునపుడు కాంపాక్టు ద్వారము 2.8కి చేరి దాని లెక్క 15 గనుక, లాభము ఏడురెట్లకు మించును. వెలుతురు కణములుగ వచ్చుటచే ఈ తేడా కంటికి కనబడును. ఒక బిందువుపై పదివేల కణములు పడినచో సహజమైన హెచ్చుతగ్గు వాని వర్గమూలమంత, అనగా నూరు, నూటికి ఒకటి. నూరు కణములే పడినచో హెచ్చుతగ్గు పది, నూటికి పది. రాత్రి పెండ్లి చిత్రములలో ముఖములపై కనబడు గరుకుదనము చాలవరకు ఇదియే.

ఉప్పలు మైదానము సంగతియు ఇట్టిదే. నూరు మీటర్ల దూరమున నిలిచిన 1.8 మీటర్ల ఆటగాని బొమ్మ, 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము వరకే పోగల సామాన్య కటకముతో 0.9 మిల్లీమీటరు, చిత్రపు టెత్తులో పదునేడవ వంతు. పైన చెప్పిన కాంపాక్టుతో సుమారు పందొమ్మిదవ వంతు. రెంటికి భేదము లేదు. 200 మిల్లీమీటర్ల కటకముతో మాత్రము నాలుగవ వంతునకు దగ్గరగ వచ్చును. చిన్న సెన్సారు, పొడవైన జూము గల చవక కాంపాక్టు అతనిని చిత్రములో సగము వరకు చూపగలదు. కాని ఎఫ్ 6.4 వద్ద దాని వెలుతురు లెక్క ఒకటికి లోబడి, 200 మిల్లీమీటర్ల ఎఫ్ 5.6 కటకపు లెక్కకు పదునేడవ వంతే యుండును. పగటి పందెమునకు చాలును; దీపముల క్రింద చాలదు. పెద్ద కటకములను లోనికి రానిత్తురో లేదో టిక్కెట్టుపై నియమములు ముందే చూచుకొనవలెను.

కనుక కొనదలచినవాడు తన్ను తాను అడుగవలసిన ప్రశ్న, ‘ఏ పెట్టె?’ అని కాదు, ‘రెండవ కటకము కొందునా?’ అని. కొనని వానికి, ఇంటి వేడుకలు, ప్రయాణములు చాలుననువానికి, ఒక అంగుళపు సెన్సారు గల కాంపాక్టు చాలును. అది జేబులో నుండును గనుక పనికి వచ్చును. పాఠశాల రంగస్థలముపై నాట్యమాడు కూతురును, ఉప్పలు నల్లచెరువు గట్టున వాలు కొంగను పట్టదలచి, వచ్చు ఏటికైనను కటకమునకు సొమ్ము దాచువాడు మిర్రర్‌లెస్ కొనవలెను. మొదటి లెక్కలోనే ఆ కటకపు వెల కలుపుకొనవలెను. చిన్న సెన్సారు కాంపాక్టు, చేతిలో మంచి ఫోను ఉన్నవానికి పగటి జూము తప్ప అధికముగ నిచ్చునది తక్కువ.

దీన్ దయాళ్ గాజుపలక, సాలమన్ ఎర్మనాక్స్, బరోడా క్లిక్ త్రీ మూడును ఒకే మాట చెప్పుచున్నవి. పెట్టె పరిమాణము గాని, అద్దము ఉండుట లేకపోవుట గాని చిత్రమును నిర్ణయింపవు. ఫలకముపై పడిన వెలుతురు నిర్ణయించును. సొమ్మును ఆ వెలుతురు వచ్చు దారిమీద ఖర్చుపెట్టినవాడు చింతింప నక్కరలేదు.