ముందు బిడ్డకు, ఆలస్యంగా భార్యకు: సైనిక కుటుంబాల ఫీజు మాఫీపై పరిశీలన

అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1956లో యుద్ధ అనాథల విద్యా సహాయ చట్టంపై సంతకం చేశారు. అందులో సైనికుడి భార్య ఊసు లేదు, సాయమంతా పిల్లల చదువుకే. భర్తను పోగొట్టుకున్న భార్యకూ, సర్వీసు వల్ల పూర్తి శాశ్వత వైకల్యం పాలైన సైనికుడి భార్యకూ 1968లో గానీ చోటు దొరకలేదు.

అది ఆనాటి తీరు అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఈ శతాబ్దంలోనూ వరస మారలేదు. ఇరాక్‌లో 2006లో బాంబు నిర్వీర్యం చేస్తూ చనిపోయిన మెరైన్ సార్జెంట్ జాన్ డేవిడ్ ఫ్రై పేరిట స్కాలర్‌షిప్ 2009లో మొదలైంది. అది మొదట పిల్లలకే. జీవిత భాగస్వామికి అర్హత కల్పించే చట్టం 2014లో వచ్చింది. టెక్సాస్‌లో హేజిల్‌వుడ్ చట్టం కింద ప్రభుత్వ కాలేజీల్లో 150 క్రెడిట్ గంటల దాకా ట్యూషన్ ఫీజు ఉండదు. మామూలు డిగ్రీకి 120 సరిపోతాయి కాబట్టి ఇది ఉదారమైన చట్టమే. అక్కడ కూడా చనిపోయిన సైనికుల పిల్లలకు ఎప్పటినుంచో ఉన్న హక్కు, భాగస్వాములకు 2009లో దక్కింది.

మూడు ఉదాహరణలతో సూత్రం కట్టేయడం తొందరపాటే. అయినా మన దేశంలోనూ ఇదే పోలిక కనిపిస్తుంది. 1971 యుద్ధం ముగిసిన రోజుల్లోనే కేంద్రం ప్రకటించిన చదువు రాయితీ అమరులైన, గల్లంతైన, వైకల్యం పాలైన సైనికుల పిల్లలకు. కేంద్రీయ సైనిక్ బోర్డు హవల్దారు, అంతకంటే కింది హోదాల కుటుంబాలకిచ్చే విద్యా గ్రాంటులో వితంతువు పేరు ఉంది. పిల్లలకైతే అది ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా వస్తుంది. ఆమెకు మాత్రం రెండేళ్ల పీజీ చదివితేనే. 2025 అక్టోబరులో ఈ గ్రాంటును నెలకు 1,000 నుంచి 2,000 రూపాయలకు పెంచారు, పీజీ షరతును కదపలేదు. సైనికులకు పేరుపడ్డ మన మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లో ఇంటర్ పూర్తిచేసి జవానును పెళ్లాడిన అమ్మాయిని ఊహించండి. ఆమెకు ఆ గ్రాంటు అందాలంటే ముందు డిగ్రీ గట్టెక్కాలి, అసలు సాయం కావలసింది అక్కడే. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకంలో వితంతువులకు అర్హత ఉంది గానీ అది వృత్తివిద్యా కోర్సులకు, అదీ అరవై శాతం మార్కులుంటేనే. చదువు వదిలి ఎన్నో ఏళ్లయిన మనిషికి ఆ గడప చిన్నదేమీ కాదు.

ఇక ఖర్చు మాట. దీనికి వర్జీనియా అనుభవం మంచి పాఠం. సైన్యంలో ఉండగా చనిపోయినవారి, కనీసం 90 శాతం శాశ్వత వైకల్యం ఉన్న మాజీ సైనికుల పిల్లలకూ భాగస్వాములకూ అక్కడి ప్రభుత్వ కాలేజీల్లో ఫీజు మాఫీ ఉంది. ఆ మాఫీ విలువ 2019లో దాదాపు 1.2 కోట్ల డాలర్లుంటే 2023 నాటికి 6.5 కోట్లకు చేరింది. మన ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో బకాయిలు ఎంత పేరుకుపోయినా ఆ బాకీ ప్రభుత్వానిదే. వర్జీనియాలో మాత్రం ఆ భారం చాలావరకు కాలేజీలదే, అంటే చివరికి ఫీజు కట్టే మిగతా విద్యార్థులది. 2024 మేలో బడ్జెట్ ద్వారా అర్హతలు బిగించారు. సైనిక కుటుంబాలు రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో గట్టిగా నిలబడ్డాయి. జులైలో శాసనసభ వెనక్కి తగ్గి, ఏటా అదనంగా 4.5 కోట్ల డాలర్లు కేటాయించింది.

ఈ అంకెలను చదవడంలో జాగ్రత్త కావాలి. మాఫీ అయిన ప్రతి డాలరూ కాలేజీ పోగొట్టుకున్న డాలరు కాదు, ఎందుకంటే మాఫీ లేకపోతే వీళ్లంతా పూర్తి ఫీజు కట్టి చేరేవారని అనుకోలేం. పెరుగుదలకు కారణమూ ఒక్కటే అయ్యుండదు. పథకం గురించి నలుగురికీ తెలియడం, ఫీజులు పెరగడం, వైకల్య గుర్తింపు పరిధిని విస్తరించిన 2022 నాటి ఫెడరల్ చట్టం, వీటన్నిటికీ వాటా ఉండవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, పిల్లలనూ భాగస్వాములనూ కలిపేసిన మొత్తం నుంచి భార్యల చదువు గురించి ఏదీ తేల్చలేం. ఎంతమంది చేరారన్నది ఒక లెక్క, ఎంతమంది పట్టా పుచ్చుకున్నారన్నది ఇంకో లెక్క. రెండోదాన్ని విడిగా రాయించాలన్నది నా పట్టుదల.

ఎందుకంటే బిడ్డ చదువుకు ఒక వయసుంది. భార్య చదువు మాత్రం ఇంటిపని సందుల్లోంచి సమయం వెతుక్కోవాలి. వైకల్యం పాలైన సైనికుడి భార్యకు అమెరికా ఫెడరల్ సాయం వాడుకోవడానికి సాధారణంగా పదేళ్ల గడువుండేది. అతను సర్వీసు వదిలిన చాలా ఏళ్లకు పూర్తి వైకల్యం గుర్తింపు వచ్చిందనుకుందాం. ఆమె లెక్క ఆ రోజు మొదలవుతుంది. కానీ అవే ఆస్పత్రి చుట్టూ తిరిగే ఏళ్లు, రాత్రి లేచి మందు వేసే ఏళ్లు, బిడ్డను బడికి దింపే ఏళ్లు. సగం కోర్సులతో నెట్టుకొస్తే నాలుగేళ్ల డిగ్రీ ఎనిమిదేళ్లు పడుతుంది. మధ్యలో మూడేళ్లు ఆగిందంటే చివరి సంవత్సరం ఫీజు సొంతంగా కట్టుకోవాల్సిందే.

ఈ గడువును చివరికి ఎత్తేశారు, అయితే 2023 ఆగస్టు 1న గానీ ఆ తర్వాత గానీ అర్హత వచ్చినవారికి మాత్రమే. భర్తకు జులై 31న పూర్తి వైకల్యం ఖరారైన ఆమె ఇప్పటికీ క్యాలెండర్ చూసుకుంటూనే చదవాలి.