అమెరికా సిల్వర్ కాయిన్స్: ముఖ విలువ పావు డాలరే.. లోపల 155 గ్రాముల వెండి! కొనేముందు ఇవి తెలుసుకోండి

అరచేతిలో నిండుగా పట్టేంత పెద్ద నాణెం. దాని మీద రాసి ఉన్న విలువ మాత్రం 'క్వార్టర్ డాలర్'.. అంటే 25 సెంట్లు. కానీ అందులో ఉన్నది 5 ట్రాయ్ ఔన్సుల వెండి. అమెరికా ప్రభుత్వ టంకశాల యూఎస్ మింట్ తయారుచేసిన 'అమెరికా ది బ్యూటిఫుల్' నాణేల సంగతి ఇది. మరి వీటి అసలు విలువ ఎలా లెక్కేయాలి? పూర్తి వివరాలు చూద్దాం.

ఎలా మొదలైంది?

2008లో అమెరికా చేసిన చట్టం ప్రకారం 2010లో ఈ సిరీస్ మొదలైంది. 50 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ డీసీ, 5 టెరిటరీలు.. ఒక్కోదాని నుంచి ఒక జాతీయ పార్కు లేదా చారిత్రక స్థలాన్ని ఎంచుకున్నారు. మొత్తం 56 డిజైన్లు. జనం వాడుకునే మామూలు క్వార్టర్ల మీద ముద్రించిన బొమ్మలనే ఈ పెద్ద వెండి నాణేల మీదా వేశారు. మొదటిది ఆర్కన్సాలోని హాట్ స్ప్రింగ్స్. చివరిది 2021లో వచ్చిన అలబామాలోని టస్కీగీ ఎయిర్‌మెన్ నేషనల్ హిస్టారిక్ సైట్.

నాణెం మీద చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన నల్లజాతి పైలట్లు శిక్షణ పొందిన చోటు టస్కీగీ. బయట శత్రువుతో, సొంత దేశంలో వర్ణ వివక్షతో.. 'వాళ్లు రెండు యుద్ధాలు చేశారు' అనే అర్థం వచ్చే మాట ఆ నాణెం మీద ఉంటుంది. బానిసత్వం నుంచి తప్పించుకుని, దాని రద్దు కోసం పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ ఇల్లు 2017 నాణెం మీద కనిపిస్తుంది. గెటిస్‌బర్గ్ యుద్ధభూమి (2011), వలస వచ్చినవాళ్లు అడుగుపెట్టిన ఎల్లిస్ ఐలాండ్ (2017) కూడా ఈ సిరీస్‌లో ఉన్నాయి.

ధర దగ్గరే అసలు తిరకాసు

2010లో ఒక్కో డిజైన్‌కు 33,000 బులియన్ నాణేలే వచ్చాయి. డిమాండ్ చూసి కొందరు డీలర్లు రేట్లు బాగా పెంచేశారు. జనం నుంచి ఫిర్యాదులు రావడంతో 2010 డిసెంబర్‌లో మింట్ అమ్మకాలు ఆపింది. డీలర్లు తాము కొన్న ధర మీద 10 శాతానికి మించి వేసుకోకూడదని, ఒక్కో ఇంటికి ఒక్కో డిజైన్ ఒకటే అమ్మాలని షరతులు పెట్టాకే మళ్లీ వదిలింది.

ఇప్పుడు సిరీస్ ముగిసింది. దొరికేది రీసేల్ మార్కెట్‌లోనే. అక్కడ అలాంటి పరిమితి ఏమీ లేదు. కాబట్టి లెక్క మనమే వేసుకోవాలి.

కొనేముందు చూసుకోవాల్సినవి

- బరువు: ట్రాయ్ ఔన్స్ అంటే 31.1 గ్రాములు. మామూలు ఔన్స్ 28.35 గ్రాములే. నాణెం సుమారు 155.5 గ్రాములు తూగాలి. 10 గ్రాముల తులం లెక్కలో 15 తులాలకు పైనే.
- సైజు: వ్యాసం 3 అంగుళాలు. అంచు మీద వెండి స్వచ్ఛత .999, బరువు 5 ఔన్సులు అని చెక్కి ఉంటుంది.
- రకం: బులియన్ నాణెం మీద మింట్ గుర్తు ఉండదు. కలెక్టర్ల కోసం చేసిన దాని మీద ఫిలడెల్ఫియా గుర్తు 'పి' ఉంటుంది. దాన్ని మింట్ నేరుగా అమ్మింది. రెండింటి ధరలూ వేరు.
- లెక్క: గ్రాము వెండి 200 రూపాయలు అనుకుంటే, నాణెంలో వెండి విలువ 31,100. అడిగే ధర అంతకంటే ఎంత ఎక్కువుంటే అంత ప్రీమియం కడుతున్నట్టు. అమ్మేటప్పుడు అదంతా తిరిగి వస్తుందన్న గ్యారంటీ లేదు.

అమెరికా నుంచి తెస్తున్నారా?

భారత్‌కు వచ్చేటప్పుడు ఆభరణాలకు ఇచ్చే డ్యూటీ మినహాయింపు వెండి నాణేలకు వర్తించదు. ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేయాల్సిందే. బిల్లు దగ్గర పెట్టుకోవడం మంచిది.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. వెండి ధర రోజూ మారుతుంది. కొనే రోజు రేటు చూసుకున్నాకే నిర్ణయం తీసుకోండి.