ఊపిరి నాడిని పట్టుకున్న వైనం

మెడ పైభాగంలో వెన్నుపాము దెబ్బతింటే కాళ్లూ చేతులే కాదు, ఊపిరీ పడిపోతుంది. ఊపిరితిత్తుల కింద గొడుగులా పరుచుకున్న డయాఫ్రం కండరం మాత్రం బాగానే ఉంటుంది. మెదడు నుంచి దానికి కబురు అందదు, అంతే. ఆ కబురు మోసే ఫ్రెనిక్ నాడి మెడలో మూడు, నాలుగు, ఐదో వెన్నుపాము ఖండాల్లో పుడుతుంది. దెబ్బ వాటికి పైన తగిలితే నాడి బతికే ఉంటుంది. ఈ కథకంతా ఆధారం అదే.

ఆ నాడికి కరెంటు ఇచ్చి ఊపిరాడించవచ్చని జర్మన్ వైద్యుడు హుఫెలాండ్ 1783లోనే సూచించాడు. 1948లో అమెరికాలో స్టాన్లీ సార్నాఫ్ దాన్ని రోగులపై చేసి చూపాడు. 1960లలో యేల్ సర్జన్ విలియం గ్లెన్ నాడికి ఎలక్ట్రోడ్ తగిలించి, చర్మం కింద రిసీవర్ అమర్చి, బయటి నుంచి రేడియో తరంగాలతో నడిపించాడు.

కరెంటు పెట్టగానే కండరం కదిలింది. కానీ త్వరగా అలిసిపోయేది. అందుకే మొదట్లో కుడి, ఎడమ పక్కలకు వంతులవారీగా పని చెప్పేవారు. కరెంటు తాకిడిని నెమ్మదింపజేసి, నెలల తరబడి కొద్దికొద్దిగా సాధన చేయిస్తే రెండు పక్కలూ రోజంతా పనిచేస్తాయని గ్లెన్ బృందం 1984లో ప్రకటించింది. నన్నడిగితే అసలు ఆవిష్కరణ ఇదే. మంచాన పడి చిక్కిపోయిన కండరానికి మళ్లీ ఓపిక తెప్పించే దారి దొరికింది.

అయితే ఎలక్ట్రోడ్ తగిలించడానికి ఛాతీ కోసి నాడిని వెతకడం మాత్రం పెద్ద ఆపరేషనే. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పరిశోధకులు థామస్ మోర్టిమర్, ఆంథొనీ డిమార్కో, రేమండ్ ఆండర్స్ మరో దారి పట్టారు. పొట్టపై చిన్న గాట్లు పెట్టి, లోపలికి చూపే సన్నని గొట్టం లాపరోస్కోప్‌తో చూస్తూ, డయాఫ్రంపై ఒక్కో చోటా కరెంటు తాకించేవారు. ఎక్కడ తాకితే కండరం అన్నిటికన్నా గట్టిగా ముడుచుకుంటుందో అక్కడే నాడి లోపలికి దిగుతున్నట్టు. ఆ చోట్లలో పక్కకు రెండు చొప్పున నాలుగు ఎలక్ట్రోడ్లు గుచ్చారు. తొలి రోగికి 2000లో అమర్చారు.

గుర్రం మీంచి పడి మెడ విరిగిన ‘సూపర్‌మ్యాన్’ నటుడు క్రిస్టఫర్ రీవ్ 2003లో ఇదే ఆపరేషన్ చేయించుకున్నాడు. గొంతులో గొట్టం ద్వారా వెంటిలేటర్ గాలితో బతికేవారికి గాలి ముక్కు దాకా పోదు. ఈ పరికరంతో ముక్కుతో ఊపిరి తీసుకోగానే ఆయనకు వాసనలు మళ్లీ తెలిశాయి.

2008లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ పరికరానికి అనుమతి ఇచ్చింది. అయితే ఫ్రెనిక్ నాడి పుట్టే ఆ మూడు వెన్నుపాము ఖండాల్లోని నాడీకణాలే చనిపోతే ఇది పనిచేయదు. అందుకే ముందు నాడికి కరెంటు ఇచ్చి పరీక్షిస్తారు. డయాఫ్రం కదిలితేనే ఆపరేషన్‌.