సీటు కొన్నా కూర్చోరు

టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు ఆఖరుసారి జాతీయ ఛాంపియన్ అయింది 1939లో. ఆ తర్వాత ఆ పేరు మళ్లీ దక్కలేదు. కనీసం తన కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచి కూడా పాతికేళ్లు దాటిపోయింది, అది 1998 నాటి మాట. అయినా శనివారం సొంతగడ్డ మీద ఆట ఉందంటే, కాలేజ్ స్టేషన్ అనే ఆ ఊళ్లో 1,02,733 మంది పట్టే కైల్ ఫీల్డ్ స్టేడియం మెరూన్ రంగు చొక్కాలతో నిండిపోతుంది. విద్యార్థుల టికెట్ల మీద సీటు నంబర్లుంటాయి గానీ ఆట నడుస్తున్నంతసేపూ ఆ సీట్లలో ఎవరూ కూర్చోరు. నిలబడే చూస్తారు. ఓడిపోతే, మనం ఓడలేదు, టైం చాల్లేదు అని చెప్పుకుని ఇంటికి పోతారు. ఇది వాళ్లలో వాళ్లకు తరాలుగా వస్తున్న మాట. సగం ఎగతాళి, సగం నిజంగా నమ్మిందే.

ఇంత మొండి ఆశ ఎక్కడ పుట్టిందని అడిగితే అక్కడ చిన్న కుర్రాడు కూడా ఒక తేదీ చెబుతాడు, 1922 జనవరి 2. ఆ కథలో జరిగింది కొంత, తర్వాత మెరుగు పెట్టింది కొంత. నన్నడిగితే మెరుగు పెట్టిన తీరే ఎక్కువ ముచ్చటగా ఉంటుంది.

ముందు కోచ్ సంగతి చెప్పుకోవాలి. ఆయన పేరు డేనా ఎక్స్ బైబిల్. మధ్యలో ఉన్న ఎక్స్ అంటే జెనోఫన్, ప్రాచీన గ్రీకు సేనాని, రచయిత పేరు. 1917లో ఏ అండ్ ఎం హెడ్ కోచ్‌గా మొదటి సీజన్‌లో ఆయన జట్టు ఎనిమిది ఆటలాడి అన్నీ గెలిచింది. మొత్తం స్కోరు 270కి సున్నా. మరుసటి ఏడు మొదటి ప్రపంచ యుద్ధంలో పైలట్‌గా వెళ్లాడు. 1919లో తిరిగొచ్చి పది ఆటలు గెలిపించాడు. ఈసారి 275కి సున్నా. రెండు సీజన్ల పాటు ఎదుటి జట్లకు ఒక్కటంటే ఒక్క పాయింటు రాలేదు! ఇలాంటి కోచ్ ఉన్న కాలేజీలో అభిమానులకు ఆశ నేర్పాల్సిన పని ఏముంటుంది? కోచ్ ఉన్నాడు, చూసుకుంటాడు అన్న ధీమా అప్పుడే కుదురుకుంది. దానికి తోడు అది సైనిక క్రమశిక్షణతో నడిచే కాలేజీ. 1876లో వ్యవసాయ, యాంత్రిక విద్యల కోసం తెరిచిన ఆ బడిలో కుర్రాళ్లంతా యూనిఫాం వేసుకున్న కేడెట్లు. పిలిస్తే 'ఉన్నాను' అనడం వాళ్లకు చదువులో భాగం.

1922 నాటి ఆట జరిగింది డాలస్‌లో, ఫెయిర్ పార్క్ మైదానంలో. ఇప్పుడక్కడ కాటన్ బౌల్ స్టేడియం ఉంది. డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో చాలామందికి ఆ ఆవరణ దీపావళి మేళా జరిగిన చోటుగా గుర్తుంటుంది. ఆ రోజు ఎదుటి జట్టు కెంటకీ రాష్ట్రంలోని సెంటర్ కాలేజీ. చాలా చిన్న కాలేజీ అయినా, అంతకు రెండు నెలల ముందే హార్వర్డ్‌ను 6-0తో ఓడించి దేశమంతా నోరెళ్లబెట్టేలా చేసింది. దాని కోచ్ చార్లీ మోరన్ 1909 నుంచి 1914 వరకు ఏ అండ్ ఎంలోనే కోచ్‌గా చేసినవాడు. అంటే పాత గురువే ఎదురు నిలబడ్డాడన్నమాట. సెంటర్ జట్టులో మేటి ఆటగాడు బో మెక్‌మిలిన్ ఆ రోజే పెళ్లి చేసుకుని, అదే రోజు మైదానంలోకి దిగాడు. ఇలాంటి దృశ్యం మన సినిమావాళ్లు రాసినా అతిగా ఉందంటాం.

ఆట మొదలైన కాసేపటికే ఏ అండ్ ఎం కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తిని బయటికొచ్చేస్తున్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తడం, అడ్డొచ్చినవాణ్ని గుద్దుకుంటూ పోవడం. తలకు తోలు టోపీ తప్ప పెద్ద రక్షణేమీ లేని రోజులవి. దాడి చేసేదీ, కాచుకునేదీ ఆ పదకొండు మందే. పైగా ఒకసారి బయటికొచ్చినవాడు ఎప్పుడంటే అప్పుడు మళ్లీ లోపలికి పోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. అందుకే రిజర్వు ఆటగాళ్లు తరిగిపోతుంటే బైబిల్‌కు గుండె జారింది. ఇంకో ఇద్దరు ముగ్గురు పడిపోతే పదకొండు మందిని నిలబెట్టడమే కష్టం.

అప్పుడాయనకు గుర్తొచ్చినవాడు ఇ. కింగ్ గిల్, సెకండియర్ కుర్రాడు. ఆ పూట పైన విలేకరులు కూర్చునే చోట ఉన్నాడు. మైదానంలో ఏ ఆటగాడెవరో పత్రికలవాళ్లకు పోల్చి చెప్పడం అతని పని. కోచ్ కబురు పెట్టాడు. గిల్ కిందికి దిగొచ్చాడు. స్టేడియంలో బట్టలు మార్చుకునే గది లేదు, జట్టంతా ఊళ్లో హోటల్లోనే తయారై వచ్చింది. దాంతో ప్రేక్షకులు కూర్చున్న గ్యాలరీ కిందికే వెళ్లి, దెబ్బ తిని బయటికొచ్చిన హైనీ వీర్ యూనిఫాం గిల్ తొడుక్కున్నాడు, గిల్ బట్టలు వీర్ వేసుకున్నాడు. ఆపై గిల్ వచ్చి మైదానం అంచున నిలబడ్డాడు. ఆట ముగిసేదాకా అలాగే ఉన్నాడు.

అతన్ని లోపలికి పంపే అవసరమే రాలేదు. ఏ అండ్ ఎం 22-14తో గెలిచింది. గిల్ బంతి ముట్టుకోలేదు. జరిగిందంతా ఇంతే.

ఇక మెరుగు సంగతి. ఇప్పుడు చెప్పే కథలో గిల్ గ్యాలరీలో కూర్చున్న మామూలు అభిమాని అయిపోయాడు. నిజానికి అతను ఆ సీజన్‌లో ఫుట్‌బాల్ జట్టుతో సాధన చేసినవాడే, బాస్కెట్‌బాల్ ఆడడానికని పక్కకొచ్చాడు. బైబిల్ గాల్లో చెయ్యి పెట్టి ఎవరినో లాగలేదు. ఎవరిని పిలుస్తున్నాడో ఆయనకు బాగా తెలుసు. కథ చెప్పేవాళ్లు ఈ వివరాన్ని దాచరు, కానీ వేగం పెంచి దాటేస్తారు. దాటకపోతే గ్యాలరీలో ఉన్న లక్షమందిలో ప్రతివాడూ 'రేపు నన్నే పిలవొచ్చు' అనుకోవడం ఎలా?

అలా పిలుపు కోసం నిలబడే అభిమానిని అక్కడ 'పన్నెండో మనిషి' అంటారు. అభిమానిని ఇలా పన్నెండో ఆటగాడనడం కూడా వాళ్లు కనిపెట్టిందేమీ కాదు. 1900లోనే మిన్నెసోటా యూనివర్సిటీ పత్రికలో ఆ మాట కనిపిస్తుంది. 1912లో అయోవా యూనివర్సిటీ పత్రికలోనూ అలాగే రాశారు. ఏ అండ్ ఎం చేసిందల్లా ఆ మాటకు ఒక మనిషినీ, ఒక రోజునూ, ఒక ఒంటిమీది చొక్కానూ ఇవ్వడం. అదీ వెంటనే జరగలేదు. 1939లో పూర్వ విద్యార్థుల సంఘం పెద్ద ఇ.ఇ. మెక్విలెన్ గిల్ కథను రేడియో నాటికగా రాశాడు. సరిగ్గా అదే ఏడాది హోమర్ నార్టన్ కోచ్‌గా జట్టు జాతీయ ఛాంపియన్ అయింది. 1941లో పూర్వ విద్యార్థి ఒకరి భార్య లిల్ మున్నర్లిన్ దాని మీద పాట కట్టింది. కథ, పాట, కప్పు మూడూ రెండేళ్ల వ్యవధిలో చేతికందాయి. ఆ తర్వాత కప్పు పోయింది గానీ మిగతా రెండూ ఉండిపోయాయి.

గిల్ మాత్రం డాక్టరయ్యాడు. కార్పస్ క్రిస్టీలో ప్రాక్టీసు పెట్టాడు. అడిగినవాళ్లకల్లా, నేను లోపలికెళ్లి ఆడి గెలిపించానని చెప్పుకోవాలనే ఉంది గానీ నేను చేసింది నిలబడడమేనని చెప్పేవాడు. 1976లో పోయాడు. స్టేడియం ముందు అతని విగ్రహం ఉంది.

కథను మళ్లీ మైదానంలోకి దించినవాడు జాకీ షెరిల్. 1982లో అతన్ని కోచ్‌గా తెచ్చుకున్నప్పుడు ఆరేళ్లకు 17 లక్షల డాలర్లకు పైగా ఒప్పందం రాసుకున్నారు. ప్రభుత్వ యూనివర్సిటీ ఒక కోచ్‌కు అంత ఇవ్వడమేమిటని అప్పట్లో పెద్ద గోల. టెక్సాస్ యూనివర్సిటీతో ఆటకు ముందు విద్యార్థులు భోగిమంటలకు వంద రెట్లుండే దుంగల గుట్ట పేర్చేవాళ్లు. రాత్రనక పగలనక వాళ్లు పడే కష్టం చూసి షెరిల్‌కు ఆలోచన తట్టింది. 1983లో స్కాలర్‌షిప్ లేని మామూలు విద్యార్థులను ఎంచి కిక్ఆఫ్ జట్టుగా దింపాడు. బంతిని తన్నగానే, అది పట్టుకున్నవాడి మీదికి అవతలి కొసదాకా పూర్తి వేగంతో పరిగెత్తి పడగొట్టడం వాళ్ల పని. ఆటలో ఒళ్లు ఎక్కువ విరిగే పని అదే. నవ్వినవాళ్లు నవ్వారు. ఆ కుర్రాళ్లు మాత్రం ఎదుటివాళ్లను పెద్దగా ముందుకు పోనివ్వలేదు. 1990లో టెక్సాస్ టెక్ ఆటగాడొకడు వాళ్లను దాటుకుని టచ్‌డౌన్ చేశాక కొత్త కోచ్ ఆర్.సి. స్లోకమ్ ఆ జట్టును తగ్గించి ఒక్క విద్యార్థికే పరిమితం చేశాడు. 12 నంబరు జెర్సీ ఇప్పటికీ స్కాలర్‌షిప్ లేని ఆటగాడికే ఇస్తారు.

ఆ 1990లోనే యూనివర్సిటీ 'పన్నెండో మనిషి' అన్న పేరును ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టరు చేయించింది. తర్వాత సియాటిల్ సీహాక్స్ మీదా, ఇండియానాపొలిస్ కోల్ట్స్ మీదా కోర్టుకెక్కింది. ఎవరి దగ్గరో పుట్టిన మాటను తన పేరిట రాయించుకుని వాడినవాళ్ల మీద దావా వేయడం నాకైతే మింగుడు పడలేదు. అయితే లాయరును పెట్టి కాపలా కాశారంటేనే ఆ ఆశకు మార్కెట్లో ఎంత విలువుందో తెలుస్తోంది.

ఆ విలువ తలకెక్కిన సంఘటన ఒకటుంది. 2017 డిసెంబరులో జింబో ఫిషర్‌ను కోచ్‌గా తెచ్చారు. పదేళ్లకు 7.5 కోట్ల డాలర్లు. ఫ్లోరిడా స్టేట్‌కు అంతకుముందే జాతీయ టైటిల్ తెచ్చిపెట్టినవాడు. ఆయనకు యూనివర్సిటీ ఛాన్సలర్ ఒక ఫలకం బహూకరించాడు. జాతీయ ఛాంపియన్లని దాని మీద ముందే చెక్కించారు. సంవత్సరం దగ్గర 20 అని వేసి, తర్వాత రెండంకెలూ ఖాళీగా వదిలేశారు. గెలిచాక నింపుకోవాలట! పెళ్లిచూపులు కాకుండానే శుభలేఖ అచ్చు వేయించి ముహూర్తం చోట చుక్కలు పెట్టినట్టు. 2020లో జట్టు తొమ్మిది గెలిచి ఒక్కటి ఓడి దేశంలో నాలుగో స్థానంలో నిలిచింది. అంతకు మించి పోలేదు. 2023 నవంబరులో ఫిషర్‌ను తీసేశారు, అదీ 51-10తో గెలిచిన మర్నాడు. తర్వాత పొడిగించిన ఒప్పందం ప్రకారం ఇంటికి పంపినందుకు ఆయనకివ్వాల్సింది 7.6 కోట్ల డాలర్లు దాటింది. పని చేయొద్దని చెప్పడానికి ఒక కోచ్‌కు అంత సొమ్ము ఒప్పుకోవడం కాలేజీ ఆటల్లో అంతకుముందు ఎవరూ చూడలేదు.

అంత దెబ్బ తిన్నాక ఎవరైనా కాస్త తగ్గి ఉంటారు. ఫిషర్ దగ్గరే ఒకప్పుడు రక్షణ విభాగం చూసిన మైక్ ఎల్కోను డ్యూక్ నుంచి వెనక్కి పిలిపించారు. పెద్ద మాటలు మాట్లాడని మనిషి. మొదటి ఏడు ఎనిమిది గెలుపులు, ఐదు ఓటములు. 2025లో మాత్రం నోట్రడామ్ మీద వాళ్ల గడ్డ మీదే 41-40తో గెలిచాక కాలేజ్ స్టేషన్‌లో పాత జ్వరం తిరగబెట్టింది.

ఆ ఏడు నవంబరు 15న సౌత్ కరోలైనాతో ఆట. సగం ఆట ముగిసేసరికి 30-3తో వెనకబడ్డారు. అప్పటిదాకా ఏ అండ్ ఎం ఎప్పుడూ అంత లోటు పూడ్చి గెలిచింది లేదు. రెండో సగంలో ఎదుటివాళ్లకు ఒక్క పాయింటు రాలేదు, క్వార్టర్‌బ్యాక్ మార్సెల్ రీడ్ నడిపిన జట్టు 28 కొట్టి 31-30తో గెలిచింది. సాధారణంగా ఇలాంటి స్కోరు దగ్గర జనం కార్ల దగ్గరికి నడుస్తారు. నిలబడడమే ఆచారమైన చోట వెళ్లిపోవడానికి కొంచెం సిగ్గేస్తుంది. 1922 కథ చేసిన అసలు పని ఇదేనని నా నమ్మకం. స్కోరును బట్టి కాకుండా అలవాటును బట్టి ఆశపడేలా చేసింది.

అలవాటు కూడా ఊరికే రాదు, సాధన చేయిస్తారు. సొంతగడ్డ మీద ఆటకు ముందు రాత్రి, సరిగ్గా పన్నెండింటికి, వేలమంది స్టేడియానికొస్తారు. అక్కడ డాన్సులు చేసే చీర్‌లీడర్లుండరు. విద్యార్థులు ఓటేసి ఎన్నుకున్న యెల్ లీడర్లు ఎదురుగా నిలబడి చేత్తో సైగ చేస్తారు. ముందు వరసవాళ్లు అదే సైగ వెనక్కి చూపిస్తారు, వాళ్ల వెనకవాళ్లు ఇంకా వెనక్కి. సైగ పై వరస దాకా పాకాక అందరూ మోకాళ్ల మీద చేతులాన్చి ముందుకు వంగి ఒక్కసారిగా అరుస్తారు. ఇదంతా ఆట లేని రాత్రి, ఖాళీ మైదానం వైపు చూస్తూ.

2025లో వరసగా 11 ఆటలు గెలిచిన ఆ జట్టు టెక్సాస్ చేతిలో 27-17తో ఓడింది. అయినా తొలిసారి జాతీయ ప్లేఆఫ్‌లో అడుగు పెట్టింది. డిసెంబరు 20న కైల్ ఫీల్డ్‌లోనే మయామీ మీద 10-3తో వెనకబడి ఉండగా, ఆఖరి అరనిమిషంలో గోల్ గీత దగ్గరికొచ్చి రీడ్ విసిరిన బంతిని ఎదుటివాడు పట్టేశాడు. అక్కడితో సరి.

మీ పిల్లలెవరైనా ఏ అండ్ ఎంలో చదువుతూ, చూడ్డానికెళ్లిన మిమ్మల్ని విద్యార్థుల వైపు గ్యాలరీకి తీసుకెళ్తే, మెత్తటి బూట్లు వేసుకోండి. మూడున్నర గంటలు నిలబడాలి. మధ్యలో కూర్చుంటే పక్కవాళ్లు ఏమీ అనరు గానీ, ఒంట్లో బాగాలేదేమోనని అడుగుతారు.