డబ్బు మన కొండెక్కింది ఎందుకు?

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మేం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఎకనామిక్స్ పుస్తకంలో డబ్బు పాఠం ఇలా మొదలవుతుంది: పూర్వం మనుషులు వస్తుమార్పిడి చేసుకునేవాళ్ళు. వడ్లున్నోడికి మేక కావాలి, మేకున్నోడికి వడ్లు అక్కర్లేదు. ఆ ఇబ్బంది తీర్చడానికే డబ్బు పుట్టింది. ఈ పాఠం చెప్పిన రోజు క్లాసులో కొందరు మా వైపు చూసి నవ్వారు, మీ ఊళ్ళలో ఇంకా అంతేగా అన్నట్టు. అందుకే లైబ్రరీలో వెతికాం.

1776లో ఆడం స్మిత్ రాసిన పుస్తకంతో ఈ కథ బాగా పాకింది. కానీ కేవలం వస్తుమార్పిడి మీదే బతికిన సమాజం ఒక్కటి కూడా ఎక్కడా నమోదు కాలేదని 1985లో కరోలిన్ హంఫ్రీ అనే మానవశాస్త్రవేత్త రాశారు. మెసొపొటేమియా మట్టి పలకల మీద బార్లీ, వెండి లెక్కల్లో అప్పులు రాసి ఉన్నాయి. లిడియాలో నాణేలు వచ్చింది క్రీ.పూ. 7వ శతాబ్దం ప్రాంతంలో. అంటే నాణెం కంటే అప్పు వెయ్యేళ్ళకు పైగా పెద్దది.

మన ఊరు చూసినా ఇది తెలుస్తుంది. పక్కింటికి మానెడు బియ్యం ఇచ్చి అప్పటికప్పుడు కోడిని అడగం. పంటొచ్చాక వాళ్ళే తెచ్చిస్తారు. ఒకరు ఇల్లు కప్పుకుంటే ఊరంతా వెళ్తాం. అది చేబదులు. వడ్డీ ఉండదు, కాగితం ఉండదు, గుర్తు ఉంటుంది. మార్పిడి బేరమంతా సంతలో, ఉప్పూ బట్టా తెచ్చే బయటోళ్ళతోనే.

మరి రూపాయి అవసరం ఎలా పుట్టింది? రంప చూడండి. అక్కడ మనోళ్ళు తమ చెట్ల కల్లు తామే గీసుకుని తాగేవాళ్ళు. కొన్ని నెలలు అదే వాళ్ళ ఆహారం. బ్రిటిష్ ప్రభుత్వ ఆబ్కారీ నిబంధనలతో ఆ కల్లు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. పైన మున్సబుదారు చిగురుపన్ను. చెట్టు మనదే, కల్లు మనదే, గీసుకోవాలంటే డబ్బు కట్టాలి. ఇంకోపక్క మైదానం వర్తకులు అన్యాయమైన ఒప్పందాలు రాయించుకుని, కోర్టుకెళ్ళి, మనోళ్ళు లేకుండానే డిక్రీలు తెచ్చి, ఉన్నదంతా జప్తు చేయించేవాళ్ళు. 1879 మార్చిలో రంప తిరగబడింది. గొలుగొండ కొండలకు, భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. అంటే మన దగ్గర డబ్బు అవసరం మార్పిడి కష్టమై పుట్టలేదు. పన్ను పుట్టించింది, అప్పు పెంచింది.

ఆ అప్పు ఎంత ముదిరిందంటే చివరికి ప్రభుత్వమే 1917లో ఏజెన్సీకి ప్రత్యేక చట్టం చేసింది. కొండజాతుల మీద ఏడాదికి 24 శాతానికి మించి వడ్డీ చెల్లదు, చక్రవడ్డీ చెల్లదు, మొత్తం వడ్డీ అసలును దాటకూడదు. భూమి బయటోళ్ళకు పోకుండా కట్టడి కూడా అందులోనే ఉంది.

మాలో ఒకరి అవ్వ ఇప్పటికీ చింతపండు సంతకు తీసుకెళ్తుంది. పాత బాకీ కింద షావుకారు కొంత పట్టుకుంటాడు. బాకీ ఎంతని అడిగితే, "ఆయన పుస్తకంలో ఉందిరా" అంటుంది. నూరేళ్ళ కిందట చట్టం వచ్చినా ఆ పుస్తకం మన ఇళ్ళలో ఎవరూ తెరిచి చదవలేదు. చదువొచ్చిన మొదటి తరం మనమే. ఈ సెలవుల్లో ఇంటికెళ్తే ఆ లెక్క అడగండి. అసలెంత, వడ్డీ ఎంత, ఇప్పటికి కట్టిందెంత, రాసుకుని రండి. ఇక్కడే కూర్చుని కలిసి లెక్కేద్దాం.