తృణమణి

నవరత్నములలో తృణమణికి చోటు లేదు. ముత్యమును పగడమును తప్ప తక్కిన రత్నములన్నియు భూగర్భమున పుట్టిన రాళ్ళు. ఆ రెండును సముద్రజీవులవలన కలిగినవి. తృణమణి వృక్షజన్యము. కోట్ల యేండ్ల క్రిందట గాయపడిన చెట్టునుండి కారిన జిగురు మట్టిలో మరుగుపడి, గట్టిపడి, ఈ రూపము దాల్చినది. ఇది చేతికి వెచ్చగాను తేలికగాను తోచును. ఉప్పు మిక్కిలిగా కలిపిన నీటిలో తేలును. నిప్పు తగిలినచో పరిమళించు పొగతో మండును. ఉన్నిగుడ్డతో రుద్దినచో గడ్డిపరకలను లాగికొనును. ఈ కడపటి గుణమే సంస్కృతమున దానికి పేరైనది. పారసీకులును దీనిని కహ్రుబా, అనగా గడ్డిని దోచునది, అనిరి. గ్రీకులు ఎలెక్ట్రాన్ అనిరి. ఆ మాటనుండియే 1600లో ఆంగ్లవైద్యుడు విలియం గిల్బర్టు తన అయస్కాంత గ్రంథమున ఈ ఆకర్షణకు పేరు కల్పించెను. మనము విద్యుత్తునకు మెఱుపునుండి పేరు తీసికొంటిమి. ఐరోపావారు మెడలోని పూసనుండి తీసికొనిరి.

అంబరు అను పేరు కథ వేఱు. అరబ్బీలో అది తిమింగిలమునుండి లభించు సుగంధద్రవ్యము. రెండును కడలియొడ్డున దొరకునవే యగుటచేత కాబోలు, ఐరోపా భాషలలో ఆ పేరు ఈ మణికి సంక్రమించినది. సంస్కృత అంబర శబ్దమునకును ఆకాశవస్త్రములతోపాటు ఆ సుగంధార్థము కలదు. ఈ మెలికను మరచిన అనువాదకుడు నాయిక మెడలో అత్తరుసరకును వ్రేలాడదీయగలడు.

తృణమణికి ప్రసిద్ధమైన పుట్టినిల్లు బాల్టిక్ సముద్రతీరము. అక్కడిది సుమారు 4 కోట్ల యేండ్లనాటిది. పారదర్శకమైన తేనెరంగుది ఒకటి, లోపలి సన్నని బుడగలచేత మసకబారి మీగడవలె కనబడునది మఱొకటి. ఒకే ముక్కలో రెండును ఉండుట కలదు. 1876లో ష్లీమన్ మైసీనీ రాజసమాధులను త్రవ్వించినపుడు తృణమణిపూసలు బయటపడినవి. అవి బాల్టిక్ తీరమువే యని 1960 దశకమునందలి పరారుణ పరీక్షలు స్థిరపరచినవి. మూడువేల యేండ్లకు పూర్వమే పూసలు ఖండమును దాటి నడచినవన్నమాట.

ఫేథాన్ సూర్యరథమును తోలలేక కూలి మరణింపగా, అతని తోబుట్టువులు చెట్లుగా మారి కార్చిన కన్నీరే ఈ మణియైనదని గ్రీకుల కథ. లిథువేనియా కథ ఇంకను మనోహరము. కడలిరాణి యూరాతె జాలరియైన కస్తీతిస్‌ను వలచి, తన తృణమణి సౌధమునకు గొనిపోయెనట. ఉరుముల దేవుడు పెర్కూనస్ కోపించి పిడుగుతో ఆ సౌధమును పగులగొట్టెనట. నేటికిని తుపానుల వెనుక ఒడ్డునకు వచ్చు తునకలు ఆ సౌధపు శకలములు. చిన్నచిన్న బిందువులు రాణి కన్నీళ్ళు. 1842లో యుత్సెవిచ్యుస్ దీనిని గ్రంథస్థము చేసెను. ఈ కథలలో కన్నీరు ఊరక రాలేదు. చెట్టు స్రవించినదన్న జ్ఞానము వానిలో దాగియున్నది.

ఒకటవ శతాబ్దివాడైన ప్లినీకి ఇట్టి కథలపై సహనము లేదు. ఇది చెట్టుపసరేయని, లోన చిక్కిన పురుగులే సాక్ష్యమని అతడు వాదించెను. ఉత్తర ఇటలీ పల్లెపడుచులు దీనిని అలంకారముగను గొంతునొప్పికి మందుగను మెడలో ధరింతురనియు వ్రాసెను. అతడు వ్రాసినవానిలో మనసును కలచునది మఱియొకటి: తృణమణితో చెక్కిన చిన్న మానవప్రతిమ వెల, ఆరోగ్యవంతులైన సజీవ మానవుల వెలను మించియుండెనట. బానిసల అంగడి యెఱిగిన రోమునకు ఈ పోలిక అతిశయోక్తి కాదు. తరువాత మధ్యయుగమున ట్యూటానిక్ సైనికసంఘము బాల్టిక్ తీరమును వశపరచుకొని, అనుమతిలేక తునక యేరినవానిని ఉరితీయించెను. అట్లు కూడబెట్టిన సరకు బ్రూజ్, ల్యూబెక్ నగరముల పనివారి చేతులలో జపమాలలయ్యెను.

మన దేశమునను తృణమణి కలదు. గుజరాతులోని వస్తాన్ బొగ్గుగనులలో 5 కోట్ల యేండ్లకు పైబడిన తృణమణి లభించినట్లు 2010లో ప్రకటితమైనది. అది నగలకు కాక శాస్త్రమునకే ఎక్కువ పనికివచ్చినది. దానిని స్రవించిన చెట్లు మన గుగ్గిలపు చెట్టు కుటుంబమువే. మన యిండ్ల ధూపమునకు అది దూరపు పూర్వికురాలు.

ఆసియాలో నగలకు పేరుపొందినది బర్మా తృణమణి. కచిన్ రాష్ట్రమునందలి హుకాంగ్ లోయ దాని జన్మస్థానము. వయస్సు సుమారు 9.9 కోట్ల యేండ్లు. చీనావారు దీనిని పూర్వమునుండియు కొనుచుండిరి. చనిపోయిన పులి ఆత్మ నేలలో దిగి తృణమణియగునని వారి నమ్మకము. 2015లో మిచ్చీనా అంగడిలో ఒక చీనా శాస్త్రజ్ఞుడు ఒక ముక్కను కొనెను. అమ్మువాడు లోనిది మొక్కతునక యనుకొనెను. నగకొఱకు దానిని అప్పటికే సానపట్టియుండిరి. అది ఈకలతోకూడిన డైనోసారు తోక యని 2016లో తేలినది. లోకము విస్తుపోయినది. మరుసటి యేడు సైన్యము గనుల ప్రాంతమును ఆక్రమించెను; వేలకొలది జనులు ఇండ్లు విడిచి పారిపోయిరి. 2017 తరువాత మ్యాన్మార్‌లో కొన్న శిలాజములపై వ్యాసములు ప్రకటింపవలదని సకశేరుక పురాజీవశాస్త్రజ్ఞుల సంఘము 2020లో పత్రికా సంపాదకులను కోరినది.