మెత్తటి గొంతు హంతకుడు

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ రహస్య సంస్థ ఎస్.ఓ.ఇ.లో సంకేతలిపుల విభాగాన్ని నడిపినవాడు లియో మార్క్స్. దాచిన మాటను విప్పడమే ఆయనకు ఊపిరి. యుద్ధం ముగిసి రచయితగా మారాక, మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ జీవితాన్ని సినిమాగా తీద్దామంటూ దర్శకుడు మైకేల్ పావెల్ దగ్గరికి వెళ్లాడు. పావెల్‌కూ నచ్చింది. అంతలో అదే కథను హాలీవుడ్‌లో జాన్ హ్యూస్టన్ తలపెట్టాడని తెలిసింది. దారి మూసుకుపోయింది.

మార్క్స్ మరో ఆలోచనతో తిరిగొచ్చాడు. ఒక యువకుడు తన కెమెరాతో ఆడవాళ్లను చిత్రిస్తూ, అదే కెమెరాతో చంపుతాడు. ట్రైపాడ్ కాలులో కత్తి ఉంటుంది. చనిపోయేవాళ్లకు తమ భయం తమకే కనిపించేలా ఒక అద్దం ఉంటుంది. పావెల్ వెంటనే ఒప్పుకున్నాడు. అదే ‘పీపింగ్ టామ్’.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ఇలాంటి పాత్రను ఎవరు మోస్తారు? ప్రేక్షకుడు అసహ్యించుకుంటే సినిమా లేదు, మెచ్చుకుంటే అన్యాయం. మొదట అనుకున్న లారెన్స్ హార్వే చిత్రీకరణకు ముందే తప్పుకున్నాడు. అప్పుడు పావెల్ చూపు కార్ల్‌హైంజ్ బోమ్ మీద పడింది. ఇతను ఆర్కెస్ట్రా నిర్దేశకుడు కార్ల్ బోమ్ కొడుకు. ‘సిస్సి’ చిత్రాల్లో ఆస్ట్రియా చక్రవర్తిగా నటించి ప్రేక్షకుల ముద్దుబిడ్డ అయ్యాడు. హంతకుడి పాత్రకు అతని పేరు ఎవరికీ తట్టదు. లండన్‌లో పుట్టి పెరిగిన కథానాయకుడు మార్క్ లూయిస్‌కు అతని జర్మన్ యాస అసలే కుదరదు.

ఆ కుదరనితనమే పాత్రకు ప్రాణం పోసింది. సొంత ఇంట్లోనే పరాయివాడిలా మెలిగే మనిషి మన కళ్ల ముందు నిలిచాడు. బోమ్ గొంతు పెంచడు. ప్రతి మాటకూ ముందు అనుమతి అడుగుతున్నట్టు తడబడతాడు. కథలో మార్క్ ఒక సినిమా స్టూడియోలో ఫోకస్ పుల్లర్, అంటే కెమెరా ఫోకస్ సరిచూసే సహాయకుడు. అతని తండ్రి భయం మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. నిద్రపోతున్న కొడుకు పక్కలో బల్లిని వదిలి, పిల్లవాడు బెదిరిపోవడాన్ని ఫిల్ముకెక్కించాడు. ఆ తండ్రిగా పావెల్ తానే నటించి, పిల్లవాడి పాత్ర తన కొడుకు కొలంబాకే ఇచ్చాడు. ఎంత సాహసం!

నాకు అన్నిటికన్నా గుర్తుండే ఘట్టంలో హత్య లేదు. కింది వాటాలో ఉండే హెలెన్ (అన్నా మాస్సీ) అతనితో బయట భోజనానికి వెళ్తూ, కెమెరా ఇంట్లోనే వదిలి రమ్మంటుంది. దాన్ని చేతుల్లోంచి ఇవ్వడానికి బోమ్ పడే యాతన చూడాలి! తిరిగొచ్చాక హెలెన్ అతన్ని ముద్దు పెట్టుకుని వెళ్తుంది. అతను ఆ పెదవులను కెమెరా లెన్స్‌కు ఆనిస్తాడు. ఒక్క మాట లేకుండా బోమ్, ఆ మనిషికి ప్రేమ చేరే దారి ఎక్కడ తెగిపోయిందో చెప్పేశాడు. అక్కడ అతన్ని చూసి జాలిపడకుండా ఉండలేం. జాలిపడినందుకు వణికిపోకుండానూ ఉండలేం.

1960 ఏప్రిల్‌లో ‘పీపింగ్ టామ్’ లండన్‌లో విడుదలైంది. విమర్శకులు మండిపడ్డారు, పంపిణీదారు బెదిరిపోయాడు, కొద్ది రోజుల్లోనే సినిమా తెరల మీంచి మాయమైంది. ‘రెడ్ షూస్’ వంటి చిత్రాలు తీసిన పావెల్‌కు బ్రిటన్‌లో పనే దొరకడం గగనమైంది. కొన్ని నెలలకే వచ్చిన హిచ్‌కాక్ ‘సైకో’ మాత్రం ప్రపంచాన్ని ఊపేసింది. యౌవనంలో పావెల్ ఆ హిచ్‌కాక్ చిత్రం ఒకదానికే స్టిల్ ఫొటోగ్రాఫర్‌గా పనిచేశాడు.

చేతులు మారుతూ మిగిలిన ప్రతుల ద్వారానే ఆ సినిమా బతికింది. సినిమా పిచ్చితో పెరిగిన అమెరికన్ దర్శకుడు మార్టిన్ స్కోర్సేసీ దాన్ని మరిచిపోలేదు. పేరూ డబ్బూ వచ్చాక తన సొమ్ము పెట్టి, 1979లో న్యూయార్క్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించి మళ్లీ విడుదల చేయించాడు. ఈసారి జనం చూడగలిగారు. పావెల్ అప్పటికి డెబ్బై దాటాడు. 1990లో కన్నుమూసేలోపు ఆ గౌరవాన్ని కళ్లారా చూసుకున్నాడు.

బోమ్‌కు దక్కాల్సింది ఇంకా దక్కలేదనే నా బాధ. 1974లో జర్మన్ దర్శకుడు ఫాస్‌బైండర్ తీసిన ‘మార్తా’లో క్రూరుడైన భర్తగా మరో గొప్ప పాత్ర చేశాడు. తరువాత నటనను పక్కనపెట్టి, 1981లో ఇథియోపియా పేదల కోసం ‘మెన్షెన్ ఫ్యూర్ మెన్షెన్’ అనే సేవాసంస్థను స్థాపించాడు. ‘సైకో’లోని ఆంథొనీ పెర్కిన్స్‌ను గుర్తుపట్టే ఎంతోమందికి నేటికీ బోమ్ పేరు తెలియదు. వాళ్లందరికీ ఆ లెన్స్ ముద్దు సన్నివేశం ఒక్కటి చూపించాలని ఉంటుంది.